కూత వెయ్యని కుక్కరు

డాక్టరు నా రిపోర్టు చూసి, "అన్నం ఎంత తింటారు?" అని అడిగాడు. నేను అరచెయ్యి గిన్నెలా ముడిచి చూపించాను. పక్కన కూర్చున్న మా ఆవిడ రెండు చేతులూ చాపి, పెద్ద పళ్ళెమంత చేసి చూపించింది. డాక్టరు ఆవిడనే నమ్మాడు. షుగరు గీత దాటడానికి సిద్ధంగా ఉందన్నాడు. అన్నం, ఇడ్లీ, బంగాళాదుంప బాగా తగ్గించి చేప, మాంసం, ఆకుకూరలు తినమని చెప్పి పంపేశాడు.

మేం ఆస్టినాబాద్‌లో ఉంటాం. నేను పుట్టి పెరిగింది నడిసముద్రంలో ఉన్న ఈ దీవుల్లోనే. కుర్చీలోంచి లేవక్కర్లేని ఆఫీసు ఉద్యోగం నాది. మా ఆవిడ స్కూలు టీచరు. ఇంటికి వచ్చే దారిలోనే తేల్చేసింది: "మీ డైటు మీరే వండుకోండి. తెల్లారకముందే లేచి రెండు వంటలు నావల్ల కాదు."

పొద్దున్న అన్నీ వేసి స్విచ్ నొక్కి వెళ్తే సాయంత్రానికి దానంతటదే నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కరు ఒకటుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. వెంటనే ఆర్డరు పెట్టాను. మాకు ఏ సామానైనా ఓడెక్కి రావాల్సిందే కదా. అది వచ్చేదాకా రోజూ 'ఇదే ఆఖరి అన్నం' అనుకుంటూ రెండేసి వాయలు లాగించాను. పెట్టె వచ్చేసరికి నా చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.

మా అమ్మ మాతోనే ఉంటుంది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వలలు వేసుకు బతికిన వాళ్ళింటి పిల్ల. పెట్టెలోంచి బయటికి తీసిన వస్తువుని చుట్టూ తిరిగి చూసింది. కింద కరెంటు పెట్టె, దాన్లో బరువైన పింగాణీ కుండ, పైన గాజు మూత.

"ఇది కుండే కదరా! మాయమ్మ ఇలాటిదే పగిలిపోనాదని పారేసినాది," అంది.

మొదటిరోజు సుర్మయి, అదే వంజరం చేప ముక్కలు, టమాటా వేసి, చింతపండు పులుసు పోసి, స్విచ్ వేసి ఆఫీసుకి పోయాను. పనిలో ఉండగా అమ్మ ఫోను.

"ఒరే, ఇది కూత వెయ్యలేదు."

"వెయ్యదమ్మా. దానికి విజిలుండదు."

"మరి ఉడికినట్టు ఎలాగ తెలుస్తాది?"

"టైమైతే ఉడికినట్టే."

"టైమైనట్టు దానికెలాగ తెలుస్తాది?"

పనుందని ఫోను పెట్టేశాను. సాయంత్రం అందరం చుట్టూ చేరి మూత తీశాం. పులుసుంది, ముళ్ళున్నాయి. రోజంతా ఉడికితే చేప ఏమవుతుందో నేను ఆలోచించనే లేదు. అమ్మ గరిటెతో అడుగుదాకా వెతికింది.

"సేపేదిరా? మల్లీ సముద్రంలోకి ఎల్లిపోనాదా?"

మా ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి, నాకు వినబడేలాగే నవ్వింది.

తర్వాత చికెన్ మొదలుపెట్టాను. మామూలు కుక్కరు అలవాటు కొద్దీ కుండ మెడదాకా నీళ్ళు పోశాను. ఇంట్లో అమ్మ గడియకోసారి మూత ఎత్తి చూస్తూ ఉన్న వేడంతా బయటికి పంపేసింది. సాయంత్రానికి ముక్కలు ఈత కొడుతున్నాయి. పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి తొంగిచూసి, "భయ్యా, ముర్గీకో నహలా రహే హో క్యా?" అంది, కోడికి స్నానం చేయిస్తున్నావా అని. ఆవిడే చెప్పింది, దీనికి నీళ్ళక్కర్లేదు, మాంసం తన నీళ్ళు తనే వదులుతుంది, మూత మాత్రం తియ్యకూడదని. మూత మీద తెలుగులో చీటీ రాసి అంటించాను. మా ఆవిడ ఎర్ర పెన్నుతో అందులో తప్పులు దిద్దింది. అమ్మ మూత తీసి చేత్తో పట్టుకుని, వెల్తురులోకి తీసుకెళ్ళి, కూడబలుక్కుంటూ తీరిగ్గా చదివింది.

ఆ ఆదివారం మాత్రం గెలవాలనుకున్నాను. పొద్దున్నే అమ్మా నేనూ బజారుకి వెళ్ళి, దగ్గరుండి నాటుకోడిని కోయించుకుని తెచ్చాం. ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం, పెరట్లో గోంగూర. చుక్క నీళ్ళు పొయ్యలేదు. స్విచ్ వేశాను. వాసన అప్పుడప్పుడే లేస్తోంది, కరెంటు పోయింది.

"ఆజ్ పూరా దిన్ లైన్ కా కామ్ హై," అంది దీదీ గోడ అవతల్నించి. లైను పని ఉందట, సాయంత్రందాకా కరెంటు రాదట.

"గిన్నెలోకి తీసి గ్యాసు మీద పెట్టెయ్యండి," అంది మా ఆవిడ, దిద్దుతున్న పేపర్లలోంచి తలెత్తకుండా.

ఆ మాట వినుంటే ఇంత కథ లేదు. "ఇందులో మొదలుపెట్టింది ఇందులోనే పూర్తవ్వాలి," అన్నాను వీరుడిలాగ. హార్బరుకి అవతల హోప్ టౌన్‌లో మా అప్ప ఉంటుంది. మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం. ఫోను చేసి కరెంటుందా అని అడిగాను. ఉందంది.

"అయితే కోడితో వస్తున్నా."

అమ్మ కూడా బయల్దేరింది. "నాను పట్టుకోకపోతే దారంతా ఒలకబోస్తావు," అంది. మూత కదలకుండా కుక్కరు మొత్తానికి నా తెల్ల పంచె చుట్టి పైన గట్టిగా ముడి వేశాం. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా పొదివి పట్టుకుని స్కూటరు వెనక కూర్చుంది. చాథం జెట్టీలో స్కూటరుతో సహా వెహికల్ బోటెక్కాం.

నేను స్కూటరుకి స్టాండు వేసి వచ్చేసరికి అమ్మకి బెంచీ మొత్తం ఖాళీ చేసిచ్చేశారు. చుట్టూ జనం కాస్త దూరంగా, తలలు వంచుకుని నిలబడ్డారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఓ పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని అమ్మ దగ్గరికి వంగాడు.

"మాజీ, కబ్ హువా?" అన్నాడు మెల్లగా, ఎప్పుడు జరిగిందని.

"ఆజ్ సుబే," అంది అమ్మ. పొద్దున్నే.

"ఇత్నీ జల్దీ?" ఇంత త్వరగానా అని ఆయన నోరు తెరిచాడు.

"కాయ్ కా జల్దీ!" అంది అమ్మ చిరాగ్గా, నన్ను చూపిస్తూ. "బహుత్ స్లో. యే లడ్కా బోల్తా, షామ్ తక్ లగేగా." సాయంత్రందాకా పడుతుందంటున్నాడు వీడు అని.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "బీమార్ థే క్యా?"

"నై నై, ఏక్‌దమ్ తందురుస్త్ థా. హమారే సామ్‌నే కాటా." జబ్బేమీ లేదు, నిక్షేపంలా ఉంది, మా కళ్ళెదుటే కోశారు.

పక్కనున్న ఒకావిడ చంటిపిల్లని గుండెకి అదుముకుంది. పెద్దాయన ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు చూశాను నేను ఆ తెల్లగుడ్డ మూటని, దాన్ని భక్తిగా పట్టుకున్న అమ్మ చేతుల్ని, చుట్టూ సముద్రాన్ని. వాళ్ళంతా దాన్ని అస్థికల కుండ అనుకున్నారు!

"అంకుల్, ముర్గా హై!" అని అరిచాను. "ముర్గా! ఖానే కా!"

సరిగ్గా అప్పుడే బోటు పక్కకి ఒరిగింది. మూత సందులోంచి గోంగూర, వెల్లుల్లి కలిసిన వాసన గుప్పుమని బెంచీలన్నీ చుట్టేసింది. ముందు తాడు పట్టుకున్న కుర్రాడు నవ్వడం మొదలుపెట్టాడు, వాడితోపాటు బోటు బోటంతా. పెద్దాయన కోపంగా టోపీ పెట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగొచ్చి, "దేసీ హై, యా బ్రాయిలర్?" అని అడిగాడు.

అవతలి ఒడ్డుకి చేరి అప్ప ఇంటికి వెళ్ళాం. ప్లగ్గు పెట్టాను, ఎర్రలైటు వెలిగింది. నేను విజయం సాధించినట్టు కుర్చీలో వెనక్కి వాలాను. ఎర్రలైటు ఆరిపోయింది. వీధి వీధంతా పోయిందట కరెంటు.

మా అప్ప నన్నో చూపు చూసింది. మూట విప్పి, కోడి మొత్తాన్ని అల్యూమినియం గిన్నెలోకి వంపి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టి కింద కొబ్బరిపీచు ఎగదోసింది. దించేముందు కొబ్బరిపాలు పోసింది. ఇంటి దగ్గర్నించి మేం వచ్చినంత సేపు కూడా పట్టలేదు.

అందరికీ అన్నం వడ్డించింది. నాకు సన్నగా తరిగి కొబ్బరి వేసి వేయించిన క్యాబేజీ పెట్టింది. గోంగూర కోడి దాని మీద వేసుకుని తింటుంటే, బానే ఉంది అనిపించింది. కానీ ఉండబట్టలేక, "కొంచెం అన్నం పెట్టప్పా, రుచి చూస్తాను," అన్నాను. అప్ప గరిటె ఎత్తింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడికొద్దు. డాట్రు ఒద్దన్నాడు."

పుట్టినప్పట్నించీ నా కంచంలో అన్నం గుట్టలు పోసింది ఆ చెయ్యే. అదే చేత్తో గిన్నెలో వెతికి, అన్నిటికంటే పెద్ద తొడముక్క తీసి నా కంచంలో పడేసింది.

ఆ తర్వాత నాకు చెయ్యి కుదిరింది. చేపని ఆఖర్న వేస్తాను. నీళ్ళ జోలికి పోను. ఓడ ఆలస్యమై కాలీఫ్లవర్ దొరక్కపోతే మునక్కాయ, బొప్పాయికాయ వేస్తాను. మళ్ళీ పరీక్ష చేయిస్తే షుగరు కాస్త దిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఇప్పుడొచ్చిన చిక్కల్లా ఒకటే. మా ఆవిడ ముందు రుచి చూస్తానంది, తర్వాత కొంచెం పెట్టుకుంటానంది, ఇప్పుడు రోజూ తన డబ్బా తనే ముందు సర్దుకుంటోంది. నిన్న ఆఫీసులో నా డబ్బా తెరిస్తే క్యాబేజీ, ఒక మెడముక్క ఉన్నాయి. తొడముక్కలన్నీ స్కూలుకి వెళ్ళాయట.