మూడో కడుగు నీళ్ళు

నారాయణపేటల మాది మగ్గాల వాడ. నేను కోడలుగ వచ్చేసరికే మా గల్లీ మోరి ఒక దినం ఎర్రగ, ఒక దినం పచ్చగ పారుతుండె. రంగేసిన నూలు కడిగిన నీళ్ళన్నీ అండ్లకే. ఎవ్వరికీ దాని ఫికర్ లేకుండె.

గంజి నీళ్ళు, నూలు మూడోసారి కడిగిన నీళ్ళు మాత్రం మోరిల పొయ్యనిచ్చేది కాదు మా అత్త. అవి కుడితి గోలెంల పొయ్యాలె. దానిమ్మ తొక్కలు, కరక్కాయలు ఉడకబెట్టి రంగు తీసే కాలం అది. మూడో కడుగు తేటగుంటది, పశువు కమ్మగ తాగుతది.

ఎనక సందుల గొర్లు మేపేటోళ్ళుండిరి. ఆ ఇంటి కోడలు పొద్దుగాలనే బిందె పట్టుకొచ్చి మా కుడితి ముంచుకపోతుండె. నన్ను అక్కా అంటుండె. ఆమెకు పుట్టింటోళ్ళిచ్చిన బర్రె ఒక్కటుండె. పాలమ్మిన పైసలు ఆమె కొంగుల్నే ఉండేవి. మొగని ముందట చెయ్యి చాపే పని లేదని ముసిముసిగ నవ్వుతుండె.

తర్వాత బజార్ల డబ్బా రంగులొచ్చినయి. సోడా గుండ కలిపితెనే అంటుతయి. కడిగితె చేతులు మండుతయి. రంగు జల్ది పడుతదని మా మామ మురిసిండు.

గదే ఏడు బ్లాకు ఆఫీసు సారొకడు దిగిండు. మోరిల నీళ్ళు పారొద్దు, ఇంటింటికి ఇంకుడు గుంత తవ్వాలన్నడు.

"సారూ, రెండు మూరలు తవ్వితె బండ తగుల్తది. నీళ్ళెట్ల ఇంకుతయి?" అన్నడు మా మామ.

"కాయితంల ఉన్నది. నువ్వు చదివినవా?" అన్నడాయన. మామ చదవలె. బండ కూడ చదవలె. గుంత నాలుగొద్దులకే నిండి ఈగలు ముసిరినయి.

ఒకనాడు సారు ఉరికొచ్చిండు. రేపు పెద్దసార్లు జీపుల వస్తున్నరు, ఎవరింటి ముందట తడి కనపడితె వాళ్ళకు సర్కారు నూలు బందు పెట్టిస్త అని బెదిరించి పోయిండు. గా దినమే నేను ఎర్ర నూలు కడుగుతున్న. మొదటి రెండు కడుగుల నీళ్ళతోని ఇంట్ల ఉన్న కుండలు, గంగాళాలు నిండినయి. మూడోది మిగిలింది. పొయ్య జాగా లేదు. మూడోదే గద అనుకోని గోలెంల పోసిన, మీద ఇంత తవుడు కలిపిన. నీళ్ళు జరంత గులాబి రంగు మీదున్నయి. చేతులు మండుతున్న సంగతి యాదికి రాలేదంటె అబద్ధమైతది. వచ్చింది. అయినా పోసిన.

తెల్లారి ఎనక సందు కోడలు ఎప్పటి లెక్కనే కుడితి తీస్కపోయింది. జీపు మా గల్లీ దిక్కు తిరగనన్న తిరగలె. బజార్ల దండలేయించుకొని అటే పోయింది.

పొద్దూకేవరకు బర్రె కడుపుబ్బి నురుగులు కక్కింది. తెల్లారెవరకు సచ్చింది. అత్త గోలెంలకు తొంగిచూసి నా దిక్కు చూసింది. గోలెం బోర్లించి బూడిదేసి తోమింది. "నోరు తెరిచినవంటె ఈ ఇంట్ల ఉండవు" అన్నది.

వానలు ఎనకబడ్డ ఏడది. గసుంటి ఏడు లేత జొన్న మేస్తె పశువు బతకదని మా దిక్కు అందరికి ఎరుకే. బర్రెను జొన్నల పడనిచ్చిందని మొగడు ఆమెను నడివాడల కొట్టిండట. నాకు ఇనవడ్డది. నూలు కండెలు చుట్టుకుంట కూసున్న.

మూడో దినం వచ్చి మా గడప మీద కూసున్నది. దవడ వాచి ఉన్నది. మొగడు ఆమె పుట్టింటి కడియాలు గూడ గుంజుకున్నడట.

"నాదే తప్పక్కా. గట్టు మీద జర కన్ను మూసిన. గప్పుడే జొన్నల పడ్డట్టుంది" అన్నది.

నేను తల పైకి లేపలె.

"అయ్యుంటది" అన్న.