చక్రం మొక్కు

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా వీధి మలుపు దగ్గర లారీ హారన్ మోగిందంటే మా నాన్న వచ్చాడని అర్థం. లారీ మాది కాదు, ఒక షావుకారుది. నడిపేది మాత్రం మా నాన్న. మాచర్లలో నాపరాళ్లు ఎక్కించుకొని నల్లమల దాటి కర్నూలు వైపు వెళ్లేవాడు. నాలుగైదు రోజులకోసారి ఇల్లు చేరేవాడు. ఆయనకు క్లీనరు మా పక్కింటి అన్న. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. మా నాన్నను బాబాయ్ అనేవాడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు. డ్రైవరు కావాలన్నది తప్ప అతనికి వేరే ధ్యాస ఉండేది కాదు. తండ్రి లేడు, తల్లి మిరప కోతలకు పోయి పెంచింది. తను స్టీరింగు పట్టిన రోజున ఆమెను కూలికి పోనివ్వనని నాతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

మా నాన్న చెడ్డవాడని చెప్పను. దారిలో అన్నం దొరికితే ముందు క్లీనరుకు పెట్టించి తర్వాత తను తినేవాడట. అతనికి జ్వరమొస్తే కంబళి కప్పి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడని వాళ్లమ్మే చెప్పేది. తిండి పెట్టాడు, బట్ట పెట్టాడు, పని మాత్రం నేర్పలేదు. అడిగితే "చూసి నేర్చుకోరా" అనేవాడు. మా నాన్నకూ ఎవరూ నేర్పలేదు. ఆయన క్లీనరుగా ఉన్నప్పుడు వాళ్ల డ్రైవరు ఏళ్ల తరబడి కాళ్లు పట్టించుకొని, ఏదన్నా అడిగితే పానాతో మోకాలి మీద కొట్టేవాడట. పైగా క్లీనరుకు పని పూర్తిగా వస్తే తన సీటు పోతుందని మా నాన్నకు భయం. షావుకారు తక్కువ జీతానికి వాణ్ణే పెట్టుకుంటాడు. ఆ భయం ఉత్తది కాదని ఇప్పుడు నాకూ తెలుసు.

దారిలో లారీ ఎక్కడ ఆగినా మా నాన్న దిగి ఒక చుట్టు తిరిగేవాడు. ఒక్కో చక్రం దగ్గరా వంగి, లోపలున్న బ్రేకు డ్రమ్ముకు చెయ్యి ఆనించి, ఆ చేతిని కళ్లకద్దుకునేవాడు. ఇంటి దగ్గర ఆపినా అంతే. చూసేవాళ్లకు ఎంత భక్తి అనిపించేది. నాకూ అలాగే అనిపించి, తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం లారీ ఆగీ ఆగగానే పరుగెత్తి ముందు చక్రంలోకి చెయ్యి పెట్టాను. వేళ్లు చుర్రుమన్నాయి. నా కేకకు మా నాన్న వచ్చి నన్ను ఎత్తుకొని, నూతి గట్టు మీద కూర్చోబెట్టి చెయ్యి నీళ్లలో ముంచాడు. నేను ఏడుస్తూ దేవుడు నన్నెందుకు కాల్చాడని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది మొక్కు కాదే పిచ్చిమొహమా. డ్రమ్ము కాలుద్దో లేదో చూసేదానికి. ఏదన్నా ఒకటి మిగతావాటికంటే ఎక్కువ కాలిందంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టు. అట్టానే ఘాట్ రోడ్డు దిగితే ఇంక బ్రేకు అందదు."

మరి కళ్లకద్దుకోవడం ఎందుకన్నాను. మా నాన్న నవ్వాడు. పక్కన వాడు చూస్తుంటాడుగా, మొక్కుతున్నాననుకుంటాడు అన్నాడు. "అన్నకు చెప్పమాక" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ పూట నాకు చెయ్యి మంట కంటే, మా నాన్న రహస్యం నాకొక్కదానికే తెలిసిందన్న గొప్పే ఎక్కువగా ఉంది.

కొన్నాళ్లకు పక్కింటి అన్న నన్నే అడిగాడు. వాళ్ల అరుగు మీద కూర్చొని నాకు మామిడికాయ ముక్క కోసిస్తూ, బాబాయ్ చక్రాలకు అట్టా ఎందుకు చేస్తాడో నీకేమన్నా చెప్పాడా చెల్లెమ్మా అన్నాడు. మొక్కు అన్నాను. ఏ దేవుడికన్నాడు. పోలేరమ్మకని నోటికొచ్చింది చెప్పాను. అతను నమ్మాడు. తలూపి, ఇంకో ముక్క కోసి, ఉప్పు అద్ది ఇచ్చాడు. నేను తిన్నాను.

రెండేళ్లు తిరిగేసరికి అతను చూసి చూసి స్టీరింగు తిప్పడం నేర్చాడు. షావుకారు ఇంకో లారీ కొని నడపమని అతనికిచ్చాడు. అంతటి సంతోషం ఆ ఇంట్లో నేను మళ్లీ చూడలేదు. వాళ్లమ్మ వీధంతా బెల్లం పంచింది. మొదటి రోజు పొద్దున్నే అతను తలంటుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని, ఆరు చక్రాలకూ పసుపు రాసి బొట్లు పెట్టాడు. తర్వాత ఒక్కో చక్రం దగ్గరా వంగి, డ్రమ్ముకు చెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నాడు. పరగడుపున, స్నానం చేసిన చేత్తో, చల్లటి ఇనుముకు. మొక్కు కదా, బయలుదేరే ముందు శుభ్రంగా మొక్కాలనుకున్నాడు. దారి మధ్యలో మట్టి చేతులతో మొక్కడం తప్పనిపించి, ఆ ఒక్క విషయంలో బాబాయ్ పద్ధతిని దిద్దుకున్నాడు.

నేను మా నాన్న పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన నోరు తెరిచాడు. చెబుతాడనుకున్నాను. "జాగర్త రా" అని మాత్రం అన్నాడు. నేను చెప్పి ఉండొచ్చు. పదకొండేళ్ల పిల్లకు ఆ మాత్రం తెలుసు. ఒట్టు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మూడు నెలలు ఏమీ కాలేదు. నాలుగో నెలలో రాళ్ల లోడుతో వెళ్తూ యర్రగొండపాలెంలో ఆగి టీ తాగాడట. అప్పుడు చక్రాలు తడిమి చూసుకుని ఉంటే ఎడమ వెనక డ్రమ్ము కాలిపోతున్న సంగతి తెలిసేది. మెకానిక్కు తర్వాత ఆ మాటే అన్నాడు. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు అందలేదు. లారీ కొండ రాయికి గుద్దుకుంది. నాపరాళ్లు క్యాబిన్ మీదికొచ్చాయి. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆసుపత్రికి మా నాన్న నన్ను కూడా తీసుకెళ్లాడు. పక్కింటి అన్న నన్ను చూసి నవ్వబోయాడు. తర్వాత మా నాన్న వైపు తిరిగి, ఎంతో సిగ్గుపడుతున్నట్టు అడిగాడు.

"మొక్కు తప్పలేదు బాబాయ్. ఆ రోజు గూడా మొక్కే ఎక్కా. నేను యాడన్నా తప్పు చేశానంటావా?"

మా నాన్న నేల చూపులు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. వాళ్లమ్మ మాకు మజ్జిగ ఇచ్చింది.

ఆ తర్వాత మా నాన్న మారాడు. కొత్తగా వచ్చిన ప్రతి క్లీనరునూ పిలిచి, చెయ్యి పట్టుకుని డ్రమ్ము మీద పెట్టించి, వాడు విసుక్కునేదాకా చెప్పేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న డ్రైవర్లు ఈనాటికీ పిడుగురాళ్లలో, నకరికల్లులో ఉన్నారు, ఆయన్ను గురువుగారనే తలుచుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గోడ అవతల సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటూ కూర్చున్నవాడికి మాత్రం తను చచ్చేదాకా చెప్పలేదు. అతని తల్లి ముసలితనంలో కూడా మిరప కోతలకు పోయింది.

మొన్న మా మనవడు వచ్చాడు. వాడు ఒక పెద్ద రవాణా కంపెనీలో పని చేస్తాడు. అనుభవమున్న ఒక్కో డ్రైవరుకు ఒక్కో కొత్త డ్రైవరును ఆరు నెలలపాటు అప్పగించి పని నేర్పించే పథకం పెట్టారట, దాన్ని మెంటర్‌షిప్ అంటారట. ముసలి డ్రైవర్లు సగం చెప్పి సగం దాస్తున్నారని, వాళ్ల నోరు విప్పించడం ఎట్లాగో తెలియడం లేదని వాపోయాడు. నేర్పినవాడి సీటు పోదని ముందు కాగితం మీద రాసివ్వండిరా అన్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను, ఇదంతా చెప్పాను. ఇన్నేళ్లలో ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

వాడు అంతా విని, "మరి ఆ కాలు పోయినాయనకి చెప్పావా నానమ్మా?" అన్నాడు.

ఆయన పోయి నాలుగేళ్లయిందిరా అన్నాను.

"అంతకుముందు?"

పెళ్లయి నేను వెళ్లింది రెండు వీధుల అవతలికే. వారానికి రెండుసార్లు ఆ పంక్చరు బంకు ముందు నుంచే కూరగాయలకు వెళ్లేదాన్ని. బాగున్నావా చెల్లెమ్మా అని పలకరించేవాడు. బాగున్నానన్నా అనేదాన్ని. తప్పు నీది కాదన్నా అన్న ఒక్క మాట నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరికి ఇవ్వను?