కోచ్‌కి కప్పిన శాలువా

పొమ్మనలేక పొగబెట్టారంటారు. మిర్చి కోల్డ్ స్టోరేజీ బుల్లయ్య గారు అంత మోటు మనిషి కాదు. ఆయన పొమ్మనలేక శాలువా కప్పుతారు. ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బుకి ప్రెసిడెంటు ఆయనే. ఏ కోచ్‌కైనా స్టేజీ మీద సన్మానం జరిగిందంటే, మర్నాటి నుంచి గ్రౌండుకి రానక్కర్లేదని అర్థం.

ఈ సంగతి ఇమ్మానియేలుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, క్లబ్బులో ఏళ్ల తరబడి అసిస్టెంటు. వెళ్లిపోయే కోచ్‌లకి శాలువా మడత విప్పి అందించింది అతనే. ఎట్టకేలకు తనే కోచ్ అయ్యాడు. కుర్రాళ్లని కన్నబిడ్డల్లా చూసుకున్నాడు.

అంతలో బుల్లయ్య గారికి టీవీలో విదేశీ మ్యాచ్‌ల పిచ్చి పట్టుకుంది. బంతిని ఎత్తి కొట్టడం పాతకాలం ఆట, గోల్‌కీపర్ దగ్గర్నుంచే చిన్న చిన్న పాసులతో నడిపించాలి అన్నారు. ఆ ఆట అందం ఇమ్మానియేలుకీ తెలుసు. కాకపోతే మనది నల్లరేగడి, ఎండలు ముదిరితే నెర్రెలిస్తుంది, బంతి మధ్యలోనే ఆగిపోతుందని నసిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని బుల్లయ్య గారు కొట్టిపారేశారు. ఆ వారమే వాడరేవు జట్టు చేతిలో ఓడారు. స్టేజీ కట్టారు.

శాలువా మంచిదే, జరీ అంచుది. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ అవే మడతల్లో మడిచి, కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. అవమానం కన్నా సాయంత్రాలు ఖాళీ అయిపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. పొద్దు వాలితే చాలు, కాళ్లు గ్రౌండు వైపు లాగేవి. ఒక్కసారి పిలిస్తే అసిస్టెంటుగానైనా వెళ్లిపోయేవాడు. ఆ మాట భార్య ఫెబాకి చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు గాని, ఆవిడకి తెలియనిదేం కాదు.

కొత్త కోచ్ ప్రకాష్ గుంటూరు నుంచి వచ్చి పాసుల ఆట నేర్పాడు. మొదట్లో గెలిచారు కూడా. ఎండలు ముదిరాయి, నేల నోరు తెరిచింది. మళ్లీ వాడరేవుతోనే మ్యాచ్ పడింది. గోల్‌కీపర్ పక్కవాడికి తోసిన బంతి నెర్రెలో తగులుకుని ఆగిపోయింది. వాడరేవు కుర్రాడు తీరిగ్గా వచ్చి దాన్ని గోల్లోకి తన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు బుల్లయ్య గారి కారుంది. ఇమ్మానియేలుకి ప్రాణం లేచొచ్చింది. ఫెబా గబగబా టీ పెట్టింది.

బుల్లయ్య గారు ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతికొచ్చారు. సాయంత్రం ప్రకాష్‌కి సన్మానమట. ఆదివారం కదా, బట్టల కొట్లన్నీ మూసేశారట.

"నీ శాలువా కొత్తగానే ఉందా?"

ఇమ్మానియేలు మనసు చివుక్కుమంది. అయినా లేచి, బీరువా తీసి ఇచ్చాడు. కవరు చంకలో పెట్టుకుని గుమ్మం దాటబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు బుల్లయ్య గారు వెనక్కి తిరిగారు.

"రేపట్నుంచి టీమ్ నువ్వే చూసుకోవయ్యా."

అన్నాళ్లూ ఎదురుచూసిన మాట అదే. అతని కళ్లు చెమర్చాయి, దాంతోపాటే నవ్వూ వచ్చింది.

"వస్తానండి. ఆ శాలువా మాత్రం ప్రకాష్‌కే ఉండనివ్వండి. మళ్లీ నా వంతు వచ్చినప్పుడు నాకు కొత్తది కొందురుగాని."