చుట్టలు దాచిన తొర్ర

పొద్దున టీ చల్లారకముందే కాలువ పక్క ఊరి నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. “అబ్బాయ్, తొర్ర బయటపడింది!” అని ఆవిడ అరిచిన తీరు ఎవరైనా వింటే లంకెబిందెలు దొరికాయనుకుంటారు. దొరికింది, ఒకప్పుడు ఆవిడకు నేను చేసిచ్చిన కట్టె కుండీలో బొటనవేలు పట్టేంత రంధ్రం. ఈ ఎండలకు కట్టె గుంజుకుపోయి, అందులో మా పెద్దబాపు కూరిన ముద్ద కాస్తా ఊడిపడిందట. సంతోషించాలో ఏడవాలో తేలక స్టూలు మీద కూలబడ్డాను. అది కూడా నేను చేసిన స్టూలే, ఊగింది.

జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకింకా ఆ యోగం పట్టలేదు. కానీ నా ఈడు వాళ్లకు తెలుసు, మనం కళ్లు తెరిచి చూస్తుండగానే ఇళ్లల్లోంచి నగిషీ కట్టె కోళ్ల మంచాలు వెళ్లిపోయి, కింద పెట్టెలున్న మంచాలు వచ్చి కూర్చున్నాయి. బోధన్‌లో మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, కట్టెను గుండ్రంగా తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద మంచం కోళ్లు తీసేవాడు. ఆ పని పోయాక కమ్మర్‌పల్లి దిక్కు గల్ఫ్ డబ్బుతో లేచిన మేడల మెట్లకు కట్టె కటకటాలు తీశాడు. తర్వాత ఆ మేడలకూ స్టీలు మోజు పట్టింది. డిగ్రీ అయిపోయి ఏ ఉద్యోగమూ నన్ను వెతుక్కుంటూ రాకపోవడంతో నేనే వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

నేను తెచ్చిన కొత్త విద్య ఒక్కటే. సామిల్లు వాళ్లు పక్కన పడేసిన పగుళ్ల మొద్దులు, పాత ఇళ్లు కూల్చినప్పుడు మిగిలిన దూలాల ముక్కలు ఏరుకొచ్చి, మిషన్ మీద తిప్పి, పూలకుండీలూ గిన్నెలూ చేసి హైదరాబాద్‌లో అలంకారానికి అమ్మే దుకాణానికి పంపడం. వాళ్లకు పగులు కనిపించాలి, పురుగు తిన్న చోటు కనిపించాలి. ఇది పెద్దబాపుకు మింగుడు పడలేదు. జీవితమంతా ఆయన పనితనం పగులును కనిపించకుండా చేయడంలోనే ఉంది. రంపపు పొట్టును జిగురుతో కలిపి కూరి, పాలిష్ పేపర్ పట్టాడంటే కన్న చెట్టు వచ్చి వెతికినా ఆ చోటు దొరకదు.

ఆ రోజుల్లోనే అత్తమ్మ ఆటోలో ఒక వేప గుంజ వేసుకొచ్చింది. చుట్టరికమేమీ లేదు, గుంటూరు నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసుకుని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. పెద్దబాపును అన్నయ్య గారూ అని పిలిచింది కాబట్టి నాకు అత్తమ్మ అయింది. భర్త పోయాక కొడుకులు పశువుల కొట్టం పడగొట్టి ట్రాక్టరుకు షెడ్డు వేశారు. ఈ ఒక్క గుంజను ఆవిడ వాళ్ల చేతుల్లోంచి లాక్కొచ్చింది. అందులో ఒక తొర్ర. వాళ్లాయన చుట్టలు మానేశానని ఒట్టేసి, పాలు పితికే వంకతో వెళ్లి అందులోంచి తీసి కాల్చుకునేవాడట. ఈవిడకు మొదటి నుంచీ తెలుసు. చుట్టలు అయిపోవచ్చినప్పుడు తానే తెప్పించి అందులో పెట్టేదట, ఆయన మాత్రం తన తెలివికి తానే మురిసిపోయేవాడట. చెబుతున్నంత సేపూ ఆవిడ బొటనవేలు ఆ తొర్రలోనే ఉంది. “కుండీ చేసినా, గిన్నె చేసినా నీ ఇష్టం అబ్బాయ్. ఇది మాత్రం ఉండాలి” అంది. మిషన్ రొదలో ఉన్న పెద్దబాపుకు ఇదేమీ వినపడలేదు.

కుండీ చేశాను. తొర్ర సరిగ్గా దాని నడుముకు వచ్చి, ఒక పక్కగా లోపలికి తెరుచుకుంది. మిషన్ బెల్టు తెగితే నిజామాబాద్ బస్సెక్కబోతూ పెద్దబాపుకు గట్టిగానే చెప్పాను, ఆ తొర్ర ముట్టకు, ఆమెకు కుండీ కన్నా తొర్రే ముఖ్యం అని.

“ఓరి నీ కతలు పాడుగాను!” అని పడీ పడీ నవ్వాడు. “ఏనాడన్న సక్కగ మాట్లాడినవారా నువ్వు?”

రోజూ జోకులేసే వాడి నిజానికి ఉండే విలువ అంతే. నేను బెల్టుతో తిరిగొచ్చేసరికి తొర్ర లేదు. ఎక్కడుండేదో నాకే తెలియలేదు. “గంత బొక్కతోని ఎట్ల ఇస్తర్రా, నల్గురు నవ్వరా?” అంటూ ఆయన కుండీని గుడ్డతో తుడుస్తున్నాడు. అత్తమ్మ అప్పటికే గడపలో నిలబడి ఉంది.

చేతిలోకి తీసుకుంది. బొటనవేలు నడుము చుట్టూ ఒకసారి తిరిగింది, మళ్లీ వెనక్కి తిరిగింది. పెద్దబాపు పరీక్ష రాసిన పిల్లాడిలా ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు. ఇద్దరి మధ్యా నేను బెల్టు పట్టుకుని నిలబడ్డాను.

“ఎంత నునుపుగా వచ్చిందండీ అన్నయ్య గారూ” అంది చివరికి.

ఆటో దాకా వెంట వెళ్లి, మళ్లీ తొలిచిస్తానత్తమ్మా అన్నాను. “నువ్వు తొలిస్తే అది నీ బొక్క అవుద్దిరా, ఆయనది కాదుగా” అని, “అన్నయ్య గారితో ఏమీ అనకు, పాపం ఎంతో ముచ్చటపడి చేశారు” అని వెళ్లిపోయింది.

అప్పటి నుంచి మా దుకాణం వదిలి ఎక్కడికెళ్లినా తొర్రలున్న వాటిపై గోనెసంచి కప్పి వెళ్లేవాణ్ణి. ఆయన ఆ సంచి ఎత్తి చూసి, తల కొట్టుకుని, మళ్లీ కప్పేవాడు. పోయిన వానాకాలం పెద్దబాపు పోయాడు.

పొద్దున ఫోన్‌లో అత్తమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది, వేలు పెట్టి చూశాననీ, చుట్ట వాసన కూడా వచ్చినట్టుందనీ. మధ్యలో అడిగాను, ఊడిన ముద్ద ఏదత్తమ్మా అని.

“చీపురుతో ఊడ్చేశాను. ఎందుకు?”

ఏం లేదు, ఊరికే అన్నాను. అవతల వాకిట్లో చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు. ఆయాసపడుతూ తిరిగొచ్చి, “చెత్త ట్రాక్టరు ఇందాకే వెళ్లిపోయిందిరా అబ్బాయ్” అంది, తప్పు చేసిన దానిలా. పర్వాలేదన్నాను.

ఇప్పుడు పగిలిన కట్టెకే గిరాకీ. మా ర్యాకుల్లో ఉన్నవన్నీ తొర్రలతో, నెర్రెలతో, చేసింది చేసినట్టే ఉన్నాయి. వాటిని చూసి సిగ్గుపడే మనిషి దుకాణంలో లేడు. మధ్యాహ్నం నిజామాబాద్ వెళ్లే పని పడి, అలవాటుగా గోనెసంచి తెచ్చి వాటిపై కప్పాను. షట్టరు సగం దించాక గుర్తొచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లి సంచి తీసేశాను.