రెండో జత పల్సానాలో

రేకు డబ్బా మూత తీయగానే ఎండిన వేపాకు, పాత అట్ట కలిసిన వాసన వస్తుంది. లోపల ఉన్నది మాత్రం హార్డ్ డిస్కు. దానికి చెదలు పట్టవని నాకూ తెలుసు. అయినా ప్రతి ఆదివారం వేపాకు మారుస్తూనే ఉన్నాను, ఎందుకంటే ఆ డబ్బా రాజేశం మామది.

సూరత్‌లో పర్వత్ పాటియాలో మా గది పక్కగది ఆయనది. సిరిసిల్ల నుంచి మా నాన్నతో కలిసి మరమగ్గాల పనికి వచ్చి, చీర అంచుల కోసం అట్టకార్డుల్లో రంధ్రాలు కొట్టడం నేర్చుకున్నాడు. ఆ రంధ్రాలను బట్టే మగ్గం పువ్వు నేస్తుంది. ఏ డిజైన్‌కైనా రెండు జతలు కొట్టేవాడు. ఒకటి మగ్గానికి, రెండోది సూరత్ నుంచి బస్సు దూరంలో ఉన్న పల్సానాలో తన చెల్లెలి ఇంటి అటక మీదికి. "గిది నెల రోజుల కష్టమని ఎలకకు తెల్వదు బిడ్డా," అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో కంప్యూటర్ డిజైన్లు వచ్చి ఆయన చేతిపని తగ్గిపోయింది. నేను నేర్చుకున్నది ఆ కంప్యూటర్ పనే. ఇంకొకరైతే నన్ను చూసి ముఖం తిప్పుకునేవారు. ఆయన మాత్రం, "నా అంచులన్నీ నీ మిషన్ల ఎక్కియ్యి. నా కండ్లు పోయినా అవి ఉండాలె," అన్నాడు. అప్పటికే చూపు మందగిస్తోంది. తన బతుకంతా కొట్టిన పువ్వులవి.

లాప్‌టాప్ కొనడానికి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లాను. నా మనసు వెండి రంగులో మెరిసే సన్నటి దాని మీద పడింది. మామ దుకాణదారును హిందీలో అడిగాడు: ఇది పాడైతే లోపలున్న పని ఎట్లా దొరుకుతుంది? అతను నవ్వి, "కొత్తది చాచా, ఎందుకు పాడవుతుంది?" అన్నాడు. మామ నా వైపు తిరిగి, "కొత్త మగ్గం అమ్మెటోడు గూడ గిట్లనే అంటడు. మెరుపు సంగతి తర్వాత, జర దాని పని చూడు," అన్నాడు. నా పెద్ద డిజైన్ ఉన్న సీడీ పెట్టించాను. మెరిసేది మూలిగి ఆగిపోయింది. చివరికి ర్యామ్ ఎక్కువున్న, ఇటుకంత బరువైన లాప్‌టాప్ కొన్నాం. విడిగా ఒక హార్డ్ డిస్కు కూడా కొనేదాకా ఆయన దుకాణం మెట్టు దిగలేదు.

మొదటి వారం పనంతా డిస్కులో కాపీ చేసి, దాన్ని లాప్‌టాప్ సంచిలోనే పెట్టాను. మామ మండిపడ్డాడు. "రెండు జేసి ఒక్క సంచిల పెడ్తవా? సంచి పోతే ఏం జేస్తవ్?" ఆ రోజే ఈ డబ్బా తెచ్చాడు. ఇక ప్రతి ఆదివారం ఆయన పల్సానా నుంచి డబ్బాలో డిస్కు తేవడం, నేను కొత్త పని ఎక్కించాక సాయంత్రం బస్సులో తిరిగి తీసుకెళ్లడం. ఇదేం చాదస్తమని విసుక్కునేదాన్ని.

మగ్గం నుంచి తెచ్చుకున్న కార్డులు చిరిగిపోయి, వాటిని చూసి ఆయన అంచులు కంప్యూటర్‌లో గీయలేక నేను తిప్పలు పడుతుంటే, అటక మీది రెండో జతలు దించి నా గదికి తెచ్చాడు. "గీసుడు అయినంక మళ్ల పంపిద్దాం," అన్నాడు. చివరి అంచు డిస్కులో ఎక్కి పల్సానా చేరిన వారంలోనే మా పక్కనున్న ఖాడీ కాలువ పొంగింది. పై అంతస్తు వాళ్లు చెయ్యి అందించి మమ్మల్ని పైకి లాక్కున్నారు. నీళ్లు తగ్గాక దిగి చూస్తే లాప్‌టాప్ బురదలో ఉంది. కార్డులు రెండు జతలూ నానిన అటుకుల్లా చేతిలో ముద్దయ్యాయి.

నాకు ఏడుపు ఆగలేదు. నా పని సులువు కావాలని ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన నియమం తప్పాడు. మామ ఆ ముద్దను కాసేపు పట్టుకుని, కింద పెట్టి, లుంగీకి చేతులు తుడుచుకున్నాడు.

"డిస్కు యాడ ఉన్నది?"

"పల్సానాల, మీ చెల్లె ఇంట్ల."

"ఇంకేంది మరి? లే. బస్సు దొర్కుతదేమో చూద్దాం."

ఇప్పుడు మామ లేడు. ఆయన అంచులు ఇంకా మగ్గాలెక్కుతూనే ఉన్నాయి. ఆ తర్వాత నేను మూడు లాప్‌టాప్‌లు మార్చాను, మూడుసార్లూ దుకాణంలో ఆయన ప్రశ్నే మొదట అడిగాను. కాపీ అయిపోయింది. వేపాకు మార్చి మూత పెట్టాను. సాయంత్రం పల్సానా బస్సు ఎక్కాలి.