కుయా ఇంటి చేదు పులుసు

కుయా పోయాడని శుక్రవారం పొద్దున ఆయన భార్య మెసేజ్ పెట్టింది. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. దోసె తిప్పబోతున్న చెయ్యి ఆపి, "యాడ?" అని అడిగింది.

"ఇంటికాడనే. వాళ్ళూర్ల. నిద్రల పోయిండట."

ఆమె స్టవ్ కట్టేసి స్టూలు మీద కూర్చుంది. "ఇంటికాడనేనా? నయం" అంది.

బయటివాళ్ళకు ఈ మాట కటువుగా తోచవచ్చు. సౌదీలో బతికేవాళ్ళం ఎవరైనా పోయారంటే ఎలా పోయారని తరవాత అడుగుతాం, ముందు ఎక్కడ అని అడుగుతాం. ఇక్కడ పోతే కాగితాలు, మనకు పనిచ్చి పూచీగా ఉండే కఫీల్ సంతకం, మార్చురీ, విమానంలో చోటు. మనిషి ఇల్లు చేరడానికి ఎన్ని వారాలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కుయా తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. నాకు ఏడుపు కంటే ముందు ఊరట కలిగింది. ఆ ఊరటలో నా స్వార్థం కూడా ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

కుయా అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ మాటలో అన్న. యాన్బులో మేం పనిచేసే రిఫైనరీలో ఆయన ఫోర్‌మన్, నేను ఇంజనీరుని. కాగితం మీద నేను ఆయనకు పైవాణ్ణి. సైట్లో మాత్రం ఆయన వెనకే నిలబడేవాణ్ణి. ఆయన ఏ పైపునైనా ముందు చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. "అరచెయ్యి మొద్దు సర్. వెనకవైపే నిజం చెప్తుంది" అనేవాడు. బోల్టును ముందు వేళ్ళతో తిప్పించేవాడు. వేళ్ళకు ఎక్కనిదాన్ని రెంచీతో ఎక్కిస్తే విరుగుతుందని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో. ఎవరి మీదా గొంతు పెంచడం నేను వినలేదు. ఆ పని నేను చేసేవాణ్ణి.

మా పై అంతస్తులోనే వాళ్ళ కాపురం. భార్య ఆస్పత్రిలో నర్సు. ఒక్కతే కూతురు. ప్రతి బక్రీదు మర్నాడూ వాళ్ళింట్లో పపాయితాన్ వండేవారు. మేక పొట్ట, పేగులు, కార్జం, ఊపిరితిత్తులు ఉడికించి, సన్నగా తరిగి, అల్లం దండిగా వేసి కాచే పులుసు అది. చివర్లో ఆ మేక పైత్యరసమే అందులో పోస్తారు. వాళ్ళకు ఆ చేదే రుచి.

మొదటి ఏడాది నాకు ఈ చివరి సంగతి తెలియదు. ఆ రోజు కుయాకు డ్యూటీ పడింది. "కబేళా నుంచి మీరు తెస్తారా సర్? అన్నీ కావాలి" అన్నాడు. మాది కరీంనగర్ వైపు. బోటి సంగతి నాకొకరు చెప్పాలా? కబేళాలో బంగ్లాదేశీ కసాయి కార్జానికి అంటుకున్న చేదు తిత్తిని వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "యే భీ చాహియే?" అని అడిగాడు. వాడి తెలివికి నవ్వుకుని అవతల పారేయించాను. మా వైపు ఆ తిత్తి పగిలిందంటే కూర మొత్తం పాడైనట్టే. ఇంటికొచ్చి వేడినీళ్ళూ పసుపూ సున్నమూ పెట్టి పొట్టను తువ్వాలంత తెల్లగా తోమి, గర్వంగా పైకి పట్టుకెళ్ళాను. డ్యూటీ నుంచి వచ్చిన కుయా గిన్నెలో వెతికాడు. మళ్ళీ వెతికాడు. "చాలా శుభ్రంగా కడిగారు సర్" అన్నాడు. కూతురు నవ్వు ఆపుకోలేక అసలు విషయం చెప్పింది.

ఇద్దరం కారెక్కి మళ్ళీ కబేళాకు వెళ్ళాం. తిత్తి దొరికాక, తిరిగొచ్చేటప్పుడు కుయా అడిగాడు: "మీ ఊళ్ళో దీన్ని పారేస్తారా? మరి చేదు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు?"

"కాకరకాయ" అన్నాను. జాలిగా చూశాడు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. పులుపుకు మా ఆవిడ ఊరి నుంచి తెచ్చిన చింతపండు పిండేది. అందరం పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. కుయా చేదును చెంచాతో కొంచెం కొంచెంగా పోసేవాడు. అక్కడున్నవాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళు రుచి చూసి చాలనాలి. వాళ్ళు చాలంటే ఇంకొక్క చుక్క పడకూడదు, పెద్దవాళ్ళకు ఎంత తక్కువనిపించినా సరే. కూతురు ఒక కన్ను మూసుకుని, పెదవులు చప్పరించి తీర్పు చెప్పేది. మొదటిసారి ఒక ముద్ద తినడానికి గ్లాసుడు నీళ్ళు తాగాను. మూడో ఏడాదికల్లా రెండో గిన్నె అడిగే స్థితికి వచ్చాను.

పోయిన ఏడాది కుయా ఫైనల్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం వదిలి శాశ్వతంగా వెళ్ళిపోయే అనుమతి, అడిగాడు. ఒంట్లో బాగుండటం లేదు, ఇంటికి పోతానన్నాడు. నా సంతకం లేకుండా ఆ కాగితం కదలదు. రెండు నెలల్లో షట్‌డౌన్ ఉంది, ప్లాంటు మొత్తం ఆపి మరమ్మతు చెయ్యాలి. ఏ వాల్వు ఎక్కడ మొరాయిస్తుందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. "షట్‌డౌన్ అయ్యేదాకా ఆగండి కుయా" అన్నాను. నెల తరవాత మళ్ళీ అడిగాడు. అదే మాట చెప్పాను. "సరే సర్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒంట్లో ఏమిటని నేను అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ ఏడాది బక్రీదు నాటికి కూతురు కాలేజీ చదువుకని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. మా నలుగురిలో చిన్నది మా ఆవిడే. రెండు చెంచాలు పడగానే రుచి చూసి, "ఇగ చాలు కుయా" అంది. ఇన్నేళ్ళలో ఆ తెలుగు ముక్క ఆయనకు వచ్చేసింది. తనూ గరిటె నోట పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "చేదు తెలియటం లేదు సిస్టర్" అని ఇంకో చెంచా పోశాడు. చూశాడు. మళ్ళీ పోశాడు. చిన్నవాళ్ళు చాలన్నాక ఆయన పోయడం అదే మొదటిసారి. గరిటె తీసుకుని నేనూ చూశాను. నాలుక మెలితిరిగి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన మాత్రం ఓపిగ్గా చప్పరిస్తూ ఆలోచిస్తున్నాడు.

ఆయన భార్య వచ్చి స్టవ్ ఆపింది. "ఆయనకు తెలియదు. ఉప్పు కూడా తెలియటం లేదు. రిపోర్టులు వచ్చి నెల దాటింది, కాలేయం బాగా పాడైంది. షట్‌డౌన్ అయ్యేదాకా సర్‌కు చెప్పొద్దన్నాడు."

కుయా వాళ్ళ భాషలో ఆమెను మెల్లగా ఏదో అన్నాడు. తరవాత నావైపు తిరిగి, "మీకు మాటిచ్చాను కదా సర్" అన్నాడు.

మా ఆవిడ వాళ్ళకు తెలియకుండా తెలుగులో అంది: "ఆఫీసు తెరువంగనే సంతకం వెట్టు. పెట్టకుంటే నేను నీతోని మాట్లాడ." ఆ పులుసు ఎవరమూ పారబోయలేదు. అన్నం ఎక్కువ కలుపుకుని తిన్నాం. ఆయన తృప్తిగా తిన్నాడు.

సెలవులు అయ్యాక మొదటి రోజే సంతకం పెట్టాను. షట్‌డౌన్ ఎవడు చూస్తాడని మేనేజర్ కేకలేశాడు. నేను చూస్తానన్నాను. వెళ్ళేలోపు కుయా నన్ను వెంటబెట్టుకుని వాల్వు వాల్వుకూ తిప్పాడు. షట్‌డౌన్ కొన్ని రోజులు ఆలస్యమైంది, రెండు చోట్ల లీకులయ్యాయి. అంతకు మించి ఏమీ కాలేదు. నా భయమంతా ఉత్తదే.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళిపోయారు. ఆయన అక్కడ దాదాపు ఏడాది బతికాడు. డాక్టర్లు చెప్పినదాని కంటే ఎక్కువే. ఒకసారి వీడియో కాల్‌లో ధైర్యం చేసి, "మొదటిసారి అడిగినప్పుడే పంపాల్సింది కుయా" అన్నాను. "పంపారు కదా సర్" అని, ఫోన్ అటు తిప్పి కొత్తగా కొన్న మేకను చూపించాడు.

శుక్రవారం సాయంత్రం ఆయన భార్య ఒక ఫొటో పంపింది. నెల కిందటిదట. వరిపొలం గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. యాన్బులో ఇంట్లో బూట్లు విప్పితే ఆయన పాదాలు ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు ఉండేవి. ఇరవై ఏళ్ళు సేఫ్టీ బూట్లలో మగ్గి పాలిపోయి, చీలమండ దగ్గర గీత గీసినట్టు రంగు మారేది. ఫొటోలో పాదాలకు బురద ఉంది. వేలితో పెద్దది చేసి చూశాను. ఎండకు కమిలి, మోకాళ్ళ దాకా ఒకే రంగు. ఆ గీత కోసం చాలాసేపు వెతికాను. కనపడలేదు.