గోరంట్ల పిల్లి, కదిరి పిల్లి, మా అవ్వ పాత చీర

మా చిన్నప్పుడు... ధర్మవరంలో కొత్త ఇంటికి మారిన కొద్దిరోజులకే, ఒక పొద్దున మా నాయన నేతకు కూర్చుంటూ మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి కెవ్వున అరిచాడు. గుంతలో పిల్లి! పాదం మీద గీరిన గోళ్ల గుర్తులు...

పిల్లి సంగతి చెప్పాలంటే ముందు ఎలుకల సంగతి చెప్పాలి. మాకంటే ముందు ఆ ఇంట్లో ఎవరో శనక్కాయల మూటలు వేసుకునేవారట. వాళ్లు పోయారు, మూటలు పోయాయి... ఎలుకలకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. మూటలు లేకపోయేసరికి వాటి కళ్లు మగ్గం మీద పడ్డాయి. గంజి పట్టించిన పట్టు పోగులంటే ఎలుకలకు పెళ్లి భోజనమే.

పడుగులో, అంటే మగ్గానికి నిలువుగా కట్టిన దారాల్లో, కొన్ని పోగులు తెగాయి. పట్టు ఇచ్చిన షావుకారు వచ్చి చూశాడు.

"ఏమప్పా, ఇది పెండ్లి చీర. ఇంగోసారి ఎలుక కొరికిందంటే పడుగు ఎత్తుకోని పోతా. మళ్లా నా గడప తొక్కాకు."

ఆ ఏడు వానలు లేవు. చేన్లు ఎండిపోయి ఊళ్లల్లో జనం కూలి కోసం దిక్కులు చూస్తున్నారు. మాకున్నది ఆ ఒక్క మగ్గం.

అమ్మ తన పుట్టిల్లు గోరంట్లకు కబురు పెట్టింది. నాయన ఎవరికీ చెప్పకుండా కదిరిలో ఉన్న తన చెల్లెలి ఇంటికి బయలుదేరాడు. ఒకరికి తెలియకుండా ఒకరు... తీరా చూస్తే ఒకే సాయంత్రం అమ్మ తోడబుట్టిన మా మామ గంపలో ఒక పిల్లి, నాయన గోనెసంచిలో ఇంకో పిల్లి! దారిలో బస్సు కండక్టరు "సంచిలో ఏముండాదప్పా?" అని అడిగితే నాయన "కోడి" అన్నాడట. సరిగ్గా అప్పుడే ఆ కోడి మ్యావ్ అందట. బస్సంతా నవ్వు. నాయన మాత్రం ఈ ముక్క చెప్పేటప్పుడు ఎన్నడూ నవ్వలేదు.

రెండూ ఎదిగిన పిల్లులు. ఒకదాని మొహం ఒకటి ఎరగదు. పైగా వాటికి మా మొహాలూ కొత్తే. అయినా మావాళ్లు చేసిన పని చూడండి... రెండింటినీ మగ్గం గదిలోనే ఒకేసారి వదిలి తలుపు వేశారు. "అవే కలుస్తాయిలే" అని.

కలిశాయి... పడుగు మీద! ఎలుకలు వారంలో తెంచినన్ని పోగులు అవి ఒక్క పెనుగులాటలో తెంచేశాయి. కదిరి గండుపిల్లి దూలమెక్కింది. గోరంట్ల ఆడపిల్లి గుంతలో దూరింది. ఆ మర్నాడే నాయన కేక.

"మీ గోరంట్ల పిల్లికి పొగరు జాస్తి!" అన్నాడు నాయన, పాదం పట్టుకుని.

"ఆహా! ఇంటికొచ్చిన చుట్టాన్ని కరిచేది యాడన్నా ఉండాదా? మర్యాద తెలీనిది మీ కదిరి పిల్లే!" అంది అమ్మ.

కాసేపటికి పిల్లుల మాట పోయి రెండు వంశాల మాట వచ్చింది. చివరికి నాయన గోనెసంచి అందుకున్నాడు. "రెండింటినీ చిత్రావతి ఏటి అవతల ఇడిసిపెట్టి వస్తా. పీడ పోతాది."

మా అవ్వ, నాయనకు తల్లి, అప్పటిదాకా తెగిన పోగులు అతుకుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది:

"ఏరా, కొత్త పడుగును పాత పడుక్కి ఒక్క గుంజు గుంజి కలిపేస్తావా? పోగు పోగూ పురి పెట్టి అతుకుతావు గదా? పట్టుకే అంత ఓర్పు కావల్లంటే, పానముండే పిల్లికి వద్దా?"

నాయన సంచి కింద పెట్టాడు.

గుంతలో ఎవరూ చెయ్యి పెట్టొద్దంది అవ్వ. గట్టున మూకుడులో పాలు పెట్టించింది. మధ్యాహ్నం దాకా మగ్గం ఆగింది, నాయన సణుగుడు ఆగలేదు. చివరికి ఆడపిల్లి తనంతట తానే వచ్చింది. దాన్ని వంటింట్లో ఉంచింది. దూలం దిగిన గండుపిల్లిని పక్కనున్న సామాన్ల గదిలో పెట్టింది. మధ్యలో మూసిన తలుపు.

తన పాత చీర చించి చెరొక ముక్క పరిచింది. అవి పడుకున్నాక ఆ ముక్కలను అటుదిటు, ఇటుదటు మార్చేది. దాని వాసన దీనికి, దీని వాసన దానికి... రెండింటికీ అవ్వ వాసన. తలుపుకు అటొకటి, ఇటొకటి పాల మూకుళ్లు. రోజుకింత దగ్గరికి జరిపేది. కరువు రోజుల్లో ఆ పాలు ఎక్కడివనుకున్నారు? అవ్వ టీలోవి. తను బెల్లం వేసిన నల్ల టీ తాగేది. అన్నాళ్లూ మగ్గానికి కాపలా కూడా అవ్వే, చేతికర్ర పక్కన పెట్టుకుని.

ఒక పొద్దున తలుపు ఓరగా తీసింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాం. గండుపిల్లి వచ్చింది... ఆడపిల్లి పడుకున్న చీర ముక్కను వాసన చూసింది... కొంచెం ఎడంగా కూర్చుని తన కాలు తాను నాక్కుంది. అంతే! అవి ప్రాణస్నేహితులేమీ కాలేదు. పండక్కి కలిసిన మా నాయన, మా మామ లాగా ఒకరి జోలికి ఒకరు పోకుండా ఒకే ఇంటి అన్నం తిన్నాయి. ఎలుకలు మాత్రం ఇల్లు ఖాళీ చేశాయి.

పెళ్లి చీర నేత పూర్తయి మగ్గం మీంచి కోత దిగింది. షావుకారు అంగుళం అంగుళం తడిమి చూసి, కొత్త పడుగు ఇచ్చి పంపాడు.

చాలా ఏళ్ల తర్వాత, అవ్వ పోయాక, ఈ కథ తలుచుకుని నవ్వుకుంటుంటే అమ్మ ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"నేను పెండ్లై వచ్చిన కొత్తల్లో నన్ను గూడా అట్లనే చేసిందే మీ అవ్వ. మగ్గం తట్టు రానీలేదు, పని చెప్పలేదు. తన పాత చీర కప్పుకోమనింది. నా అన్నం తట్ట తన తట్టకు దూరంగా పెట్టి, పొద్దుకింత దగ్గరికి జరిపేది. ఇదేం చాదస్తమో అనుకుంటి... పిల్లుల్ని చూసినాక గదా తెలిసింది!"

ఇప్పుడు మా వీధిలో గుంత మగ్గాలు లేవు, మరమగ్గాలు మోగుతున్నాయి. ఎలుకలకు మందులొచ్చాయి. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా సాయంత్రానికల్లా మనవాళ్లయిపోవాలనే తొందరా వచ్చింది. నా కోడలు వచ్చిన రోజు నేనూ ఒక పాత మెత్తటి చీర తీసి ఇచ్చాను... ఎందుకో చెప్పలేదు. ఇది చదివితే నన్నేమంటుందో! పుణ్యం మాత్రం మా అవ్వదే.

మీరు బెదురుతూ అడుగుపెట్టిన ఇంట్లో, మీకోసం తలుపు ఓరగా తీసి ఓపిగ్గా కూర్చున్న మనిషి ఎవరు? ఒక్కసారి ఇక్కడ వాళ్లను తలుచుకోండి...